ముక్కల డబ్బా

తబితమ్మకి పాట గుర్తు రాలేదు.
చర్చిలో హార్మోనియం ముందు కూర్చోబెడితే
కొంగుతో మూతి తుడుచుకుని
గోడ మీది కేలెండర్ వైపు చూసింది.
"ఈడ రాదు బాబూ.
కాలు ఆడితేనే వస్తాది."

అందుకని మర్నాడు కాశీబుగ్గ వెళ్లాను,
చొక్కాజేబులో ఫోను రికార్డుకి పెట్టుకుని,
మేస్త్రీకి చుట్టపుచూపని అబద్ధం చెప్పి
జీడిపిక్కల షెడ్డులోకి.

ఎడంకాలు పెడలు తొక్కితే కత్తి నోరు తెరుస్తుంది.
చెయ్యి పిక్కను అందిస్తుంది.
టక్.
పెంకు రెండు.
టక్కుకీ టక్కుకీ మధ్య మిగిలిన జానెడు జాగాలో
ఆమె గొంతు వచ్చి కూర్చుంది:

    గుండుని గాను దేవా, బద్దని గాను
    ముక్కని నాను
    ముక్కల డబ్బాలో ఏరుకో నన్ను

అంతకుముందు ఆదివారం వాక్యం ఐదు రొట్టెల గురించి.
అందరూ ఐదువేలమందిని తలుచుకుంటూ ఇళ్లకెళ్లారు.
ఈమె మాత్రం మిగిలిన ముక్కల్ని
కొంగున కట్టుకుని షెడ్డుకి తెచ్చుకుంది.
గుండు ఓడెక్కుతుంది, బద్ద మిఠాయికొట్టుకి పోతుంది.
ముక్కలు కూడా ఏరి గంపలకెత్తమన్నాడంటే
"ఆయనకీ మన పని తెలుసన్నమాట," అంది.

నేనా పాటను బాగుచేశాను.
బాగుచేశాను అని రాస్తుంటే ఇప్పుడు చెయ్యి ఆగుతోంది.
పెంకుల చప్పుడు తీసేశాను.
కీబోర్డు మీద వయొలిన్లు పరిచాను.
'ముక్కని నాను' మరీ మోటుగా ఉందని
'విరిగి నలిగిన నన్ను' అని ఇస్త్రీ చొక్కా తొడిగాను.
కాగితం అడుగున, రచన, స్వరకల్పన అన్నచోట
కె. ఫిలేమోను.
నా పేరే.

మట్టలాదివారం కాపీలు పంచుతుంటే
ఆమె తలకిందులుగా పట్టుకుని అడిగింది,
"నా పేరెక్కడుంది బాబూ?"
నా వేలు నా పేరు మీదే ఆగింది.
"ఇదే."
ఆ అక్షరాల మీద బొటనవేలు ఆనించింది
మెల్లగా, రేషనుకొట్లో మిషను మీద ఆనించినట్టు.
ఆ మిషను ఆమెను ఏ నెలా ఒప్పుకోలేదు.
ఇరవై రెండేళ్ల జీడిసొన
వేలిగీతలన్నీ తినేసింది.
"పడటం లేదమ్మా, తుడుచుకు రా," అంటాడు డీలరు.
కాగితం మీదా పడలేదు.

పాట పోయింది, ఫోన్లలోంచి ఫోన్లలోకి,
టెక్కలి, నరసన్నపేట,
సోంపేట ఆసుపత్రిలో రక్తం కడిగే మంచాల దాకా.
ఎవరెవరో ఫోన్ చేసి
"ఆత్మ రాయించాడు బ్రదర్ మీచేత," అనేవారు.
వందనాలండీ, అనేవాణ్ణి.

ఆగస్టులో మందస అవతల
ఒక రేకులషెడ్డు కూటానికి వాయించడానికి పిలిచారు.
వాన. కరెంటు పోయింది. కీబోర్డు మూగదైంది.
సరే పోనిమ్మని ఆడవాళ్లే ఎత్తుకున్నారు,
నేనెన్నడూ చూడని మొహాలు.
    ముక్కని నాను
విరగలేదు, నలగలేదు. ముక్కే.
చరణం చివర అందరూ కలిసి
ఎడమ మడమతో నేలను తన్నారు.
టక్.
నేను చెరిపేసిన చప్పుడు.

"ఎవరిదమ్మా ఈ పాట?"
"మాకేటి తెలుసు? పలాస షెడ్డుల్నించి వొచ్చినాది," అంది
చీకట్లోంచి ఓ ముసలామె.
"కాయితం మీద ఏదో పేరుందట గానీ
అది తప్పంట."

ఆదివారం, ప్రార్థనకి ముందే,
నా పేరు కొట్టేసి కింద ఆమె పేరు రాసి చూపించాను.
తడిమి చూసింది.
"ఇది పొట్టిగుంది.
మొన్నటిది పొడుగ్గుండీది గదా," అంది.
నా వైపు చూడలేదు. చెప్పులు విడుస్తోంది.
ఎడంపాదం వాచి ఉంది.

"రేపట్నించి కుడికాలితో తొక్కాల.
రెండో చరణం ఇంకా అవ్వనేదు.
ఎటు తిరుగుతాదో సూడాల."